వర్సిటీ అంటే యూనివర్సిటీ కాదు, జేవీ అంటే ఆటలో అరటిపండు కాదు

ఈరోజు తీసుకున్న మాట వర్సిటీ. దీనికి ఒక తమ్ముడో చెల్లెలో కూడా ఉంది, పేరు జేవీ. ఈ రెండూ అమెరికా స్కూల్ ఆటల్లో రోజూ వినపడే మాటలు. మనకెందుకు అంటారా? మీ చుట్టాల్లో ఎవరో ఒకరి పిల్లలు అక్కడ చదువుతూ ఉంటారు, అది ఒక కారణం. రెండోది, ఈ మాట సరిగ్గా తెలియక నేనే ఒక పాత ఎపిసోడ్‌లో మీకు ఒక కథ తప్పుగా చెప్పాను. దాన్ని ఈరోజు సరిచేసుకోవాలి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా అక్కా బావా టెక్సస్‌లో ఉంటారు. వాళ్లకి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. రెండేళ్ల కిందట మా మేనల్లుడు ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు, "మేడ్ వర్సిటీ" అని. పక్కన టెన్నిస్ బ్యాట్ బొమ్మ. మా అమ్మ ఆ బొమ్మ చూడలేదు. వర్సిటీ అన్న మాట చూసింది. వెంటనే వాయిస్ మెసేజ్. "ఒరేయ్ నాన్నా, నీకింకా ఇంటర్ కూడా అవ్వలేదు కదరా, అప్పుడే యూనివర్సిటీ వాళ్లు ఎలా తీసుకున్నారు? డొనేషన్ ఏమైనా కట్టారా?" ఈలోపు మా పెదనాన్న ఏ బ్రాంచి అని అడిగేశారు. ఇంకొకరు కంగ్రాట్స్ చెప్పి కేక్ బొమ్మ పెట్టారు.

నవ్వుకున్నాం కానీ, మా అమ్మ తప్పేం లేదు ఫ్రెండ్స్. మన దగ్గర వర్సిటీ అంటే యూనివర్సిటీనే. ఏ తెలుగు పేపరైనా తీయండి, "వర్సిటీలో ఆందోళన", "వర్సిటీ వీసీ నియామకం" లాంటి హెడ్డింగులు కనిపిస్తాయి. హెడ్డింగ్‌లో చోటు తక్కువ, యూనివర్సిటీ అంటే పొడుగు, అందుకని వర్సిటీ. ఇంకా మీలో కొంతమందికి వర్సిటీ అనగానే జెరోధా వాళ్ల స్టాక్ మార్కెట్ పాఠాలు గుర్తొస్తాయి. అదీ చదువు అన్న అర్థంలో పెట్టిన పేరే.

మరి టెన్నిస్ టీంకి ఈ పేరు ఎందుకొచ్చింది?

వర్సిటీ అనేది యూనివర్సిటీ అన్న మాటని కుదించగా వచ్చిందే. ఇంగ్లండ్‌లో కొన్ని వందల ఏళ్ల కిందటే యూనివర్సిటీలో ముందు భాగం వదిలేసి పలకడం మొదలైంది. స్పెల్లింగ్‌లో "వెర్సిటీ" అని ఉండాలి కదా, "వార్సిటీ" ఎలా అయింది? అప్పట్లో కొన్ని మాటల్లో "ఎర్" అన్న శబ్దాన్ని "ఆర్" అని పలికేవాళ్లు. దాని గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. బ్రిటిష్ వాళ్లు "క్లెర్క్" అని రాసి క్లార్క్ అంటారు. "డెర్బీ" అని రాసి డార్బీ అంటారు. మనం గుమాస్తాని క్లర్క్ అంటాం, అది వేరే సంగతి. అలా పలికినట్టే రాసేసరికి వార్సిటీ అయింది. తెలుగులో మనం వర్సిటీ అని స్థిరపడ్డాం.

ఈ మాట ఆటల్లోకి కూడా యూనివర్సిటీల ద్వారానే వచ్చింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మధ్య మొదటి క్రికెట్ మ్యాచ్ 1827లో, పడవ పందెం 1829లో జరిగాయి. ఈ రెండు యూనివర్సిటీల మధ్య జరిగే పోటీలని ఇప్పటికీ వర్సిటీ మ్యాచ్ అనే అంటారు. దక్షిణాఫ్రికాలో యూనివర్సిటీల రగ్బీ టోర్నమెంట్ పేరు వర్సిటీ కప్. అక్కడ దాకా అర్థం మారలేదు, యూనివర్సిటీనే.

అమెరికా వెళ్లాక అర్థం కాస్త పక్కకి జరిగింది. అక్కడి కాలేజీల్లో ఒక్కో ఇయర్ వాళ్లకి ఒక్కో టీం ఉండేది. ఫస్ట్ ఇయర్ టీం, సెకండ్ ఇయర్ టీం, అలా. ఇవి కాకుండా మొత్తం యూనివర్సిటీ తరఫున బయటి కాలేజీల మీద ఆడే టీం ఒకటి. దాన్ని వర్సిటీ టీం అన్నారు, అంటే యూనివర్సిటీ టీం. రాను రాను జనం మనసులో "యూనివర్సిటీ" పోయి "మెయిన్ టీం" మిగిలింది. ఆ తర్వాత హైస్కూళ్లు కూడా తమ మెయిన్ టీంకి అదే పేరు పెట్టుకున్నాయి. అలా యూనివర్సిటీతో ఏ సంబంధం లేని పదో తరగతి పిల్లాడు కూడా "నేను వర్సిటీ" అనగలుగుతున్నాడు.

ఇక వాడకంలోకి వద్దాం. నోట్స్ రాసుకునేవాళ్లు రాసుకోండి.

అమెరికాలో హైస్కూల్ అంటే మామూలుగా 9 నుంచి 12. మన లెక్కలో తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తొమ్మిది వాళ్లు ఫ్రెష్‌మెన్, పది వాళ్లు సోఫమోర్, పదకొండు జూనియర్, పన్నెండు సీనియర్. పెద్ద స్కూల్ అయితే ఒక్కో ఆటకి మూడు టీంలు కూడా ఉంటాయి. ఫ్రెష్‌మన్ టీం, జేవీ, వర్సిటీ. చిన్న స్కూళ్లలో రెండే, కొన్నిచోట్ల ఒకటే. అబ్బాయిలకి వేరు, అమ్మాయిలకి వేరు.

జేవీ అంటే జూనియర్ వర్సిటీ. ఇక్కడ మనవాళ్లు ఇంకోసారి తడబడతారు. జూనియర్ అన్నారు కాబట్టి పదకొండో తరగతి వాళ్ల టీం అనుకుంటారు. కాదు. ఇది స్కూల్ రెండో టీం. ఎక్కువగా 9, 10 తరగతుల పిల్లలు ఉంటారు, కొంతమంది పదకొండు వాళ్లు కూడా ఉంటారు. అలాగే వర్సిటీ అంటే పెద్ద క్లాస్ వాళ్లే ఉండాలని లేదు. బాగా ఆడితే తొమ్మిదో తరగతి పిల్ల కూడా వర్సిటీలో ఉండొచ్చు. క్లాస్‌ని బట్టి కాదు, ఆటని బట్టి.

సీజన్ ముందు ట్రైఔట్స్ పెడతారు. మనం సెలక్షన్స్ అంటాం చూడండి, అదే. కొన్ని రోజులు ఆడించి, పరుగెత్తించి, కోచ్ లిస్ట్ పెడతాడు. ఆ లిస్ట్‌తో నాలుగైదు మాటలు పుడతాయి.

"మేడ్ వర్సిటీ" అంటే మెయిన్ టీంలోకి ఎంపికయ్యాడు. "మేడ్ జేవీ" అంటే రెండో టీంలోకి ఎంపికయ్యాడు. "గాట్ కట్" అంటే ఏ టీంలోనూ చోటు రాలేదు. "మూవ్డ్ అప్" లేదా "పుల్డ్ అప్" అంటే సీజన్ మధ్యలో జేవీ నుంచి వర్సిటీకి తీసుకున్నారు. ఇక "నో కట్" ఆటలు అని కొన్ని ఉంటాయి. చాలా స్కూళ్లలో క్రాస్ కంట్రీ పరుగు అలాంటిది. వచ్చిన అందరినీ తీసుకుంటారు.

ఇంకో మాట, "లెటర్డ్ ఇన్ టెన్నిస్". అంటే టెన్నిస్ గురించి ఉత్తరం రాశాడని కాదు. స్కూల్ పేరులో మొదటి అక్షరాన్ని మందపాటి బట్ట మీద కుట్టి, వర్సిటీలో తగినన్ని మ్యాచ్‌లు ఆడినవాళ్లకి ఇస్తారు. దాన్ని జాకెట్‌కి కుట్టించుకుంటారు. ఈ ఆచారం 1865లో హార్వర్డ్ బేస్‌బాల్ టీం తమ చొక్కాల మీద హెచ్ అక్షరం వేసుకోవడంతో మొదలైందని చెప్తారు. మనం ఆన్‌లైన్‌లో కొనుక్కునే వర్సిటీ జాకెట్ ఉంది కదా, ఒళ్లంతా ఒక రంగు, చేతులు ఇంకో రంగు, గుండె మీద పెద్ద అక్షరం? అది దాని నకలే. ఆ అక్షరం మన పేరుది కాదు, స్కూల్‌ది. అక్కడ అది డబ్బులు పెట్టి కొనేది కాదు, ఆడి సంపాదించేది. మా మేనల్లుడు మన హైదరాబాద్ వచ్చినప్పుడు రోడ్డు మీద ప్రతి రెండో కుర్రాడి మీద ఆ జాకెట్ చూసి, "మావయ్యా, వీళ్లందరూ ఏ స్పోర్ట్?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు?

ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకి ఒక చిన్న మాట. అక్కడ యూనివర్సిటీలో వర్సిటీ టీం అంటే అసలు అధికారిక టీం. చాలామంది స్కాలర్‌షిప్ మీద ఆడేవాళ్లు, పూర్తిస్థాయి కోచింగ్. సరదాగా ఆడాలనుకునేవాళ్లకి క్లబ్ టీంలు, ఇంట్రామ్యూరల్స్ ఉంటాయి. ఇంట్రామ్యూరల్ అంటే క్యాంపస్ లోపల స్టూడెంట్స్ మధ్య జరిగే పోటీలు. మన వాళ్ల క్రికెట్ ఎక్కువగా క్లబ్ లెక్కలోకే వస్తుంది. కాబట్టి ఆదివారం క్లబ్ తరఫున రెండు ఓవర్లు వేసి, రెజ్యూమెలో వర్సిటీ క్రికెటర్ అని రాయకండి. ఇంటర్వ్యూలో అడిగితే ఇబ్బంది.

ఓకే, ఇప్పుడు అసలు సంగతి.

మొన్న నవంబర్‌లో మా మేనకోడలు బాస్కెట్‌బాల్ ట్రైఔట్స్‌కి వెళ్లింది. పదో తరగతి. పొడుగు తక్కువ, బంతి మాత్రం చేతిలోంచి ఎవరూ లాక్కోలేరు. లిస్ట్ వచ్చింది. వర్సిటీలో లేదు, జేవీలో ఉంది. మా అక్క నాకు ఫోన్ చేసి, "పాపకి సెలెక్షన్ రాలేదురా, పాపం డల్‌గా ఉంది, నువ్వు కాస్త మాట్లాడు" అంది. అమ్మకీ అదే చెప్పింది. అన్నయ్యకి వచ్చింది, చెల్లికి రాలేదు అన్నట్టు.

నేనేం చేశాను? మీరందరూ చూసే ఉంటారు, మైకేల్ జోర్డాన్ రీల్. "స్కూల్ టీం నుంచి తీసేశారు, అయినా ప్రపంచంలోనే గొప్ప ఆటగాడయ్యాడు" అని వెనకాల మ్యూజిక్‌తో వస్తుంది. నేను కూడా ఓటమి గురించి చేసిన ఎపిసోడ్‌లో అదే కథ చెప్పాను, గుర్తుందా? ఆ రీల్ పంపించి, "బాధపడకు తల్లీ" అని రాశాను.

పది నిమిషాలకి ఫోన్ చేసింది. "మావయ్యా, ఆయన్ని ఎవరూ తీసేయలేదు. జేవీలో వేశారు. నన్ను కూడా జేవీలోనే వేశారు. నన్ను ఎందుకు ఓదారుస్తున్నారు అందరూ?"

నాకు మాట రాలేదు ఫ్రెండ్స్. ఫోన్ పెట్టేసి కూర్చుని చదివాను. పిల్ల చెప్పిందే నిజం.

1978. నార్త్ కరోలైనాలో విల్మింగ్టన్ అనే ఊరు, లేనీ హైస్కూల్. జోర్డాన్ పదో తరగతి, సోఫమోర్. అప్పటికి ఆరడుగులు కూడా లేడు. వర్సిటీ లిస్ట్‌లో ఆయన పేరు లేదు. ఆయన క్లాస్‌మేట్ లెరాయ్ స్మిత్ పేరు ఉంది. స్మిత్ అప్పటికే ఆరున్నర అడుగుల మనిషి. వర్సిటీలో జోర్డాన్ ఆడే స్థానంలో అనుభవం ఉన్న పెద్ద పిల్లలు ముందే ఉన్నారు. టీంకి లేనిది పొడుగు. అందుకని స్మిత్‌ని పైకి తీసుకుని, జోర్డాన్‌ని జేవీలో వేశారు. పదో తరగతి పిల్లాడు జేవీ ఆడటం అక్కడ చాలా మామూలు సంగతి.

బాధపడ్డాడా? పడ్డాడు. ఇంటికెళ్లి ఏడ్చానని ఆయనే తర్వాత చెప్పాడు. 2009లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు చేసిన ప్రసంగంలో కూడా లెరాయ్ స్మిత్ పేరు ఎత్తాడు. అంటే ముప్పై ఏళ్లయినా మర్చిపోలేదు. బాధ నిజం. కానీ "తీసేశారు" అన్నది నిజం కాదు.

ఇక్కడ ఒకటి ఆలోచించండి. ఆ ఏడాది వర్సిటీలో ఉండుంటే ఏం చేసేవాడు? పెద్ద పిల్లల వెనక బెంచీ మీద ఎక్కువసేపు కూర్చునేవాడు. జేవీలో ఏం చేశాడు? ప్రతి మ్యాచ్ ఆడాడు. 40కి పైగా పాయింట్లు కొట్టిన మ్యాచ్‌లు కూడా ఉన్నాయి అందులో. ఈలోపు పొడుగు పెరిగాడు. మరుసటి ఏడాది వర్సిటీకి వెళ్లాడు. 23 నంబర్ కథ కూడా అన్న వల్ల వచ్చిందే. అన్న లారీది 45, అందులో సగం ఇరవై రెండున్నర, పైకి సవరిస్తే 23. ఆ తర్వాత నార్త్ కరోలైనా యూనివర్సిటీ, 1982లో ఫైనల్‌లో గెలుపు షాట్, 1984లో చికాగో బుల్స్, ఆరు చాంపియన్‌షిప్‌లు.

అంటే రీల్ చెప్పే నీతి ఏంటి? వ్యవస్థ ఒకణ్ని బయటికి నెట్టేసింది, వాడు ఒంటరిగా పోరాడి గెలిచాడు. నిజంగా జరిగింది ఏంటి? ఇంకా సిద్ధంగా లేని పిల్లాడికి ఆడుకోవడానికి ఒక టీం, ఒక కోచ్, ఒక యూనిఫాం, సీజన్ నిండా మ్యాచ్‌లు ఇచ్చారు. వాడు కసితో దాన్ని పూర్తిగా వాడుకున్నాడు. రెండు కథలూ ఒకటి కాదు కదా? మొదటి కథ వింటే, ఎంపిక కాకపోతే ఒక్కడివే ఏడ్చి ఒక్కడివే గెలవాలి అనిపిస్తుంది. రెండో కథ వింటే, రెండో టీం అంటూ ఒకటి ఉండాలి అనిపిస్తుంది.

జేవీ అన్న మాటని అమెరికాలో కూడా చిన్నచూపుగా వాడటం ఉంది, లేదని కాదు. ఏదైనా రెండో రకంగా ఉంటే జేవీ అంటారు. 2014లో ఒబామా కొన్ని ఉగ్రవాద ముఠాలని జేవీ టీంతో పోల్చి, తర్వాత చాలా విమర్శలు ఎదుర్కొన్నారు. కాబట్టి ఆ అమ్మాయి కాస్త డల్‌గా ఉండటం సహజమే. కానీ తను నాతో చెప్పింది వినండి. "ట్రైఔట్స్‌కి వచ్చినవాళ్లలో కొంతమందికి ఏ టీమూ రాలేదు మావయ్యా. నా ఫ్రెండ్‌కి కూడా రాలేదు. నాకు జేవీ వచ్చింది. నాకు వర్సిటీ రాలేదని కాదు బాధ. మమ్మీ అందరికీ నేను సెలెక్ట్ అవ్వలేదని చెప్పింది, అదే బాధ."

మా అక్క తప్పు ఎంతుందో నాదీ అంతే ఉంది. మాకు తెలిసింది ఒకటే, ఉంటే టీంలో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఎందుకంటే మేం పెరిగింది అలాగే.

మన స్కూల్ గేమ్స్ సంగతి మీకు తెలుసు. అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని వయసు ప్రకారం విభాగాలు. మండల స్థాయి, జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి, ఆపైన నేషనల్స్. మంచి వ్యవస్థే, దాని నుంచి చాలామంది పైకొచ్చారు. కానీ మా స్కూల్లో ఎలా ఉండేదంటే, పీఈటీ సార్ కబడ్డీ టీంని ఎంపిక చేసేవారు. కోర్టులో ఏడుగురు, పక్కన ఎక్స్‌ట్రా ప్లేయర్లు. ఆ పేర్లు చదవడం అయిపోగానే మిగతా నలభై మందీ క్లాసుకి వెళ్లిపోవడమే. మళ్లీ మాకు ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఉండేది కాదు. చప్పట్లు కొట్టడానికి మాత్రం పిలిచేవాళ్లు. నేను ఆ నలభైలో ఒకణ్ని. ఆ తర్వాత ఇంటర్‌లో అయితే గ్రౌండే లేదు, అడగాల్సిన అవసరమే రాలేదు.

మనకి చిన్నప్పుడు వీధిలో ఒక పద్ధతి ఉండేది, ఆటలో అరటిపండు. చిన్నపిల్లాడు ఏడుస్తుంటే ఆటలో చేర్చుకుంటారు, కానీ వాడు ఔటైనా లెక్క లేదు, వాడు కొట్టినా లెక్క లేదు. మా అక్క జేవీ అంటే అదే అనుకుంది. కాదు. జేవీ వాళ్లకి ఎదురుగా ఇంకో స్కూల్ జేవీ ఉంటుంది. రెఫరీ ఉంటాడు, స్కోర్‌బోర్డ్ ఉంటుంది, ఓడితే ఓడినట్టే. చాలాచోట్ల ఒకే సాయంత్రం, ఒకే జిమ్‌లో ముందు జేవీ మ్యాచ్, తర్వాత వర్సిటీ మ్యాచ్. అంటే అక్కడ ఎంపిక కానివాళ్లు బాధపడరని కాదు, వాళ్లూ బయట మిగిలిపోతారు. కానీ "ఇంకా రాలేదు" అన్నవాళ్ల కోసం ఒక మెట్టు ఉంది. మనకి లేనిది ఆ మెట్టు.

కాబట్టి ఈ వీడియో చూస్తున్న పీఈటీ సార్లు, మేడమ్‌లు ఎవరైనా ఉంటే ఒక చిన్న మనవి. మీకు గ్రౌండ్ కష్టాలు, పీరియడ్ కష్టాలు ఎన్ని ఉంటాయో తెలుసు. అయినా కుదిరితే రెండో టీం కూడా ఒకటి రాయండి. పక్క ఊరి స్కూల్ రెండో టీంతో ఏడాదికి రెండు మ్యాచ్‌లు పెట్టండి. దానికి కప్పు అక్కర్లేదు, ఒక విజిల్ ఉంటే చాలు. స్టూడెంట్స్, మీరైతే సార్ పెట్టేదాకా ఆగక్కర్లేదు. ఎంపిక కాని వాళ్లందరూ కలిసి ఒక టీం కట్టి, పక్క సెక్షన్ వాళ్లని పిలవండి. మీ జేవీ మీరే.

అమెరికాలో మీ కజిన్ ఎవరైనా "మేడ్ జేవీ" అంటే మాత్రం "అయ్యో" అనకండి. కంగ్రాట్స్ చెప్పండి, ఏ పొజిషన్ అని అడగండి.

మా మేనకోడలి మొదటి మ్యాచ్ అక్కడ సాయంత్రం ఐదున్నరకి. మనకి తెల్లవారి ఐదు. మా అమ్మ నాలుగున్నరకే లేచి, కాఫీ పెట్టుకుని, వీడియో కాల్ ముందు కూర్చుంది. బావ ఫోన్ పట్టుకున్నాడు, సగంసేపు ఎవరిదో తలకాయే కనిపించింది. జేవీ ఓడిపోయింది. మా పాప నాలుగు పాయింట్లు కొట్టింది. మ్యాచ్ అయ్యాక చెమటతో ఫోన్ దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, చూశావా?" అంది. మా అమ్మ, "చూశానే బంగారం, మళ్లీ ఎప్పుడు?" అంది. మంగళవారం అని చెప్పింది. ఇప్పుడు మా ఇంట్లో మంగళవారం ఆట అంటే బుధవారం తెల్లవారుజామున అలారం.

సో ఫ్రెండ్స్, పాత ఎపిసోడ్‌లో జోర్డాన్ గురించి నేను చెప్పిన తప్పుని ఆ వీడియో కింద కూడా రాసి పెట్టాను. మీ స్కూల్లో సెలక్షన్స్ ఎలా జరిగేవి, లిస్ట్‌లో పేరు లేని రోజు మీరేం చేశారు, కామెంట్స్‌లో చెప్పండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో మాటతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.